రెండు వేళ్ళు తగ్గేదాకా

ముందు మూడు నిమిషాలు కుళాయి వదిలేయాలి,
రాత్రంతా పైపులో నిలిచిన నీరు పోయి
బోరు నీరు వచ్చేదాకా.
తర్వాత సీసా. మూత. చీటీ.
చీటీ మీద: కిష్‌హలొమ్, హార్ష్ వీధి, పద్నాలుగో నంబరు,
ఎటెల్కా అవ్వ వంటిల్లు.

పదహారేళ్ళుగా నీళ్ళు పట్టడమే నా ఉద్యోగం.
సీసాని ఎంతసేపు వెలుగుకెత్తి చూసినా
ఏమీ కనబడదని నాకు తెలుసు. అయినా ఎత్తుతాను.
తుప్పయితే ఎర్రగా ఒప్పేసుకుంటుంది,
క్లోరిన్ గుమ్మంలోనే ముక్కుకి చెప్పేస్తుంది,
సున్నం కెటిల్ అడుగున తెల్లగా రాసిపెడుతుంది.
ఆర్సెనిక్ అలా కాదు.
రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు,
వాకిట్లో చెప్పులు విడిచిన గుర్తైనా లేదు.

ఎవరూ కలపలేదు దాన్ని.
తిట్టుకోవడానికి ఒక ఫ్యాక్టరీ అయినా లేదు మాకు.
టిసా నది ఏ కాలంలోనో తెచ్చి పరిచిన ఒండ్రు కింద
నేలే, నిదానంగా, వదులుతోంది.

లీటరుకి నలభై మూడు మైక్రోగ్రాములు.
పాత హద్దు యాభై, కొత్త హద్దు పది.
శుక్రవారం రాత్రి మంచినీళ్ళుగా పడుకున్నవి
శనివారం పొద్దున పాషాణమై లేచాయి.
బోరులో ఒక్క చుక్కా మారలేదు.

టౌన్ హాల్లో మీటింగు.
నిండు నెలల హైనల్కా కుర్చీ వద్దని నిలబడే అడిగింది:
"లోపలున్నదానికి హద్దెంత?"
గుమాస్తా సిలార్డ్ నీళ్ళు నమిలాడు.
అతని ముందు బల్ల మీద మాత్రం
కొండ ఊట నీళ్ళ సీసా, సీలు తియ్యనిది.
వెనక వరసలో నేను నవ్వాను, కాస్త గట్టిగానే.

ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో ట్యాంకరు.
మలుపులో నీలం చేతిపంపుకి గొలుసు బిగించారు.
పోస్ట్‌మన్ వాళ్ళ కుక్క ఇంకా అక్కడికే పోయి
ఎండిన తొట్టి నాకి వస్తోంది.

ఎటెల్కా అవ్వ మా పిల్లల బడిలో వంటమనిషి,
ముప్ఫై ఒక్క ఏళ్ళు.
"పసివాళ్ళకి పచ్చినీళ్ళు పోస్తామా!" అని
నీలం ఎనామిల్ గుండిగని పొద్దున్నే పొయ్యెక్కించేది.
నీరు రెండు వేళ్ళు తగ్గేదాకా దించేది కాదు.
ఆ నీళ్ళతోనే గులాబీకాయల టీ, క్యారెట్ సూపు,
మందు మింగించే చెంచాడు నీళ్ళు.
ఈ ఊళ్ళో నీళ్ళని కాచి వడబోసిన మనిషంటే
ఆవిడే.

ఆ తగ్గిన రెండు వేళ్ళూ ఉత్త నీరు.
పోగలిగిందే పోయింది.
పోలేనిది గుండిగలో ఇంకాస్త చిక్కబడింది.
కిటికీ అద్దానికి పట్టిన ఆవిరే
ఆ బడి మొత్తానికి శుభ్రమైన నీరు.
మేం దాని మీద వేళ్ళతో
బాతులు గీసేవాళ్ళం.

చెప్పకూడదనే వెళ్ళాను ఇవాళ. సీసా నింపుకుని వచ్చేద్దామని.
ఆవిడకి పేపర్ చదవడం వచ్చు, కళ్ళజోడుంది,
నలభై మూడు కింద పెన్సిల్‌తో గీత కూడా గీసింది.
"అయితే పిల్లా," అంది,
"నేను ఇంకొంచెం ఎక్కువసేపు కాచాల్సిందేమో?"

పదహారేళ్ళ అనుభవం, ల్యాబ్ స్టాంపు, సంచీలో పట్టిక.
సిలార్డ్‌ని చూసి నవ్వినదాన్ని
నీళ్ళు నమిలాను.

ఆవిడ నా ముఖం చూసింది.
ఇంకేమీ అడగలేదు.
లేచి, శుక్రవారం ట్యాంకరు నీళ్ళు
అదే గుండిగలో పోసి
పొయ్యి మీద పెట్టింది.
కప్పులు రెండు తుడిచింది, ఒకదానికి చెవి విరిగింది,
అది తనవైపు పెట్టుకుంది.

రెండు వేళ్ళు తగ్గేదాకా
ఇద్దరం కూర్చున్నాం.