కబురు మోసేవాడు

గ్రీకు నాటకంలో ఎవరూ మన కళ్ళముందు చావరు
అంది ఇన్బసెల్వి మేడమ్
బోర్డు మీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీసి.
ఇది మీ కళ్ళం లాంటిది, ధాన్యం తొక్కిన నేల.
వెనక ఒక గుడారం.
చావంతా ఆ గుడారం లోపల.
తరవాత ఒకడు పరిగెత్తుకొస్తాడు,
పేరు కూడా ఉండదు,
చెబుతాడు.

ఆ పేరులేనివాడి వేషం నాకిచ్చారు.
ఎనభై రెండు పంక్తులు, తమిళంలో.
రాయపురం బస్సులో వాటిని తెలుగు చేసుకుని బట్టీపట్టాను,
ఏడుపు నాకు ఆ భాషలోనే వస్తుంది.
రిహార్సల్లో మూడో పంక్తికే గొంతు పూడుకుపోయింది.
మేడమ్ చెయ్యెత్తి ఆపింది:
నువ్వే ఏడ్చేస్తే వాళ్ళకేం మిగులుతుంది?

మా నాన్న మునిరత్నం
హార్బరులో టైమ్‌కీపరు, ముప్పయ్యొక్కేళ్ళు.
మూడు భాషలొచ్చిన పాపానికి
జీతం లేని ఇంకో పనీ ఆయన నెత్తినే పడింది.
క్రేను గొలుసు తెగినా, ఓడ అడుగున మనిషి జారినా
ఆ ఇంటికి కబురు మొయ్యడం.
ఆయన సైకిలు మలుపు తిరిగితే చాలు
కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పొంగనిచ్చి
ఎవరి గుమ్మం ముందు ఆగుతుందోనని చూసేవాళ్ళట.
పదిమందో పదిహేనుమందో.
మేడమ్ చెప్పిన వంతగాళ్ళూ అంతమందే.

పొట్లకాయ తరుగుతూ నాన్న పాఠం చెప్పాడు.
సైకిలుకి స్టాండు వెయ్యకూడదు, గోడకి ఆనించాలి.
స్టాండు వేస్తే చుట్టంచూపుకొచ్చామనుకుంటారు.
మంచినీళ్ళిస్తే తాగకూడదు.
ముందు పేరు, పూర్తి పేరు.
గజపతి అనాలి, మీ ఆయన అనకూడదు.
ఏ షెడ్డు, ఎన్ని గంటలకి, చొక్కా రంగేంటి,
ఎవరు ముందు చెయ్యి పట్టుకున్నారు.
ఆ మాట అన్నిటికన్నా చివర.
వాళ్ళు చూళ్ళేదు కదమ్మా, మనం చూపించాలి,
చూపించి పక్కకి తప్పుకోవాలి.

మరి నీకు ఏడుపు?
వచ్చేది. బీచి స్టేషను దాటాక.

ఆ సెమిస్టరంతా ఈ ఒక్కడి వెంటే తిరిగాను.
రాతిమెట్ల మీద వేలమంది వింటుంటే
మాటతోనే గుర్రాలు పరిగెత్తించినవాడు.
రోములో గుడారం తలుపు బార్లా తెరిచేశారు,
వీడి అవసరం సగం తీరిపోయింది.
గ్యాసు దీపాల కాలంలో వీడి మాటలు కోసేసి
నిజం పొగ పెట్టారు.
ఈమధ్య ఎక్కడో వీడు ఒట్టి టెలిఫోను,
మోగుతుంది, ఎవరూ ఎత్తరు.
మా పద్యనాటకాల్లో అయితే చచ్చినవాడు
ఒన్స్ మోర్ అనగానే లేచి
రాగం తీసి మళ్ళీ చచ్చేవాడని చెబితే
మేడమ్ పగలబడి నవ్వి, నోట్సులో రాసుకుంది.

మొన్న హార్బరులో ఒక కుర్రాడు.
నాన్న రిటైరయ్యాక ఆ పనికి మనిషి లేడు.
ఎవరో వీడియో తీసి గ్రూపులో పడేశారు.
వాళ్ళమ్మ ధనకోటి కుళాయి దగ్గరే చూసింది.
ముందు చెప్పులు గుర్తుపట్టింది.
పేరు ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి కాలేజీ వెనక ఆరుబయట,
ఉప్పుగాలికి ఫోకస్ లైటు ఊగుతోంది.
పాత పేపర్ల గుజ్జుతో చేసిన ముసుగులో
నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది.
నాన్న ఆఖరి మెట్టు మీద, చెప్పులు విడిచి.
పరిగెత్తుకురమ్మని రాసుంది.
నేను నడిచొచ్చాను.
మొదట అనాల్సిన అయ్యో మింగేసి పేరు చెప్పాను.
చొక్కా రంగు చెప్పాను, అది నాటకంలో లేదు.
ఆ చివరి మాట తమిళంలో రాలేదు,
తెలుగులోనే వచ్చింది.
ఎవరూ నవ్వలేదు.
పక్కకి తప్పుకున్నాను.

చేపాక్కంలో రైలెక్కాం.
నీళ్ళ సీసా ఇస్తే నాన్న రెండు చేతుల్తో పట్టుకున్నాడు,
మూత తియ్యలేదు.
బీచి స్టేషను ఇంకా రాలేదు.