డిండి రోడ్డు, ఖాళీగ

మా దేవరకొండ డిపో రెస్టురూంకు
ఓ మంగళారం పూట నల్లటి కళ్లజోడొచ్చింది.
జోడంటే జోడు గాదు,
గుర్రానికి గట్టే గంతల లెక్క ఇంత మందం.
నౌషీన్ అనే పిల్ల తెచ్చింది, నల్గొండ నుంచి.
"మనసు మీది బరువు దిగుతదమ్మా, పెట్టుకోండ్రి" అన్నది.
రెండు ట్రిప్పుల నడుమ
టిఫిను డబ్బ మూత పెట్టి నేనే ముందు కూసున్న.

సముద్రం.
నా జన్మల చూడని సముద్రం కాళ్ల కాడికొచ్చి పోతున్నది.
ఎవరిదో మెత్తటి గొంతు: ఊపిరి పీల్చండి, వదలండి.
ఊపిరి సంగతి మరిచి, అలవాటుగ
ఎనక్కి తిరిగిన, తలలు లెక్కబెట్టనీకి.
ఎనక గూడ సముద్రమే.
ఫుట్‌బోర్డు మీద ఎవలు లేరు.
జీరో టికెట్టు గూడ కొట్టే పని లేదు.
చిల్లర కోసం కొట్లాడెటోడు లేడు,
ఆధారు కార్డు ఇంట్ల మరిచొచ్చినామె లేదు,
చెయ్యెత్తిన కాడ ఆపలేదని
మా అవ్వను తిట్టెటోడు లేడు.
ఐదు నిమిషాలు.
తీసినంక చూస్తె నా బొటనేలు
ఇంక మిషను బటను ఒత్తుతనే ఉన్నది,
ఉత్త గాలిల.

అందరం నవ్వినం.
హర్యన్న నవ్వలే.

రామావత్ హర్య. ఇరవై రెండేండ్ల సర్వీసు.
నిరుడు పత్తి ఏరే కాలంల
సున్నపుగుట్ట మలుపు కాడ
బత్తాయి తోటల నుంచి మేకను తరుముకుంట
ఒక పిలగాడు రోడ్డు మీదికి ఉరికిండు.
బ్రేకు పడ్డది. జాగ చాలలే.
పిలగాడు బతికిండు. తొడల రాడ్డేసిన్రు.
ఎంక్వయిరీల డ్రైవరు తప్పు లేదని రాసిన్రు.
కాయితం ఒప్పుకున్నది, కాలు ఒప్పుకోలే.
అప్పటి సంది నిద్రల గూడ
కుడికాలు కిందికి తొక్కుతదంట.
మంచం పట్టె విరిగిందని
సోనక్క నాతోని చెప్పి, ఎవరికి చెప్పకన్నది.

సముద్రం జూపెడితే తీసి పక్కన పెట్టిండు.
"నీళ్లతోని నాకేం పంచాయితి బిడ్డా?
నాకు డిండి రోడ్డు జూపియ్యి. ఖాళీగ."
ఆ పిల్ల మాట్లాడలే.
అరచేతి మీద పెన్నుతోని రాసుకున్నది.

వారం దాటినంక, నసుకున, ఫస్టు బస్సుకు
గుండ్రటి కెమెరా పట్టుకొని వచ్చింది.
బానెట్టు మీద పెట్టి, జారకుంట నా రుమాలుతోని కట్టింది.
పొద్దు ఇంక గుట్టల ఎనకనే ఉన్నది.
బండలు, తుమ్మలు, మూతబడ్డ హోటలు,
బోరు బండి ఒకటి ఎదురొచ్చి పోయింది.
సున్నపుగుట్ట కాడ ఎవలు అడ్డం రాలే.
గంతే. గదే కావాలె ఆయనకు.

మొదటిసారి పెట్టుకున్ననాడు
మలుపు రాకముందే కుర్చి కిర్రుమన్నది.
అంగి మొత్తం తడిసి
జోడు గుంజి పారేసి పోయిండు, నీళ్లు గూడ తాగలే.
రెండోనాడు నౌషీన్ మణికట్టు పట్టుకొని కూసున్నది.
మూడోసారి తొక్కలే.
నాలుగోసారి మళ్ల తొక్కిండు.
బాగైందా అంటే నేనేం చెప్పాలె?
నుదుటి మీద పట్టి అచ్చు పడి
సగం దినం అట్లనే ఉంటుండె,
ఎవలో మెల్లగ గీసిన రోడ్డు లెక్క.

మొన్న సోమారం.
సున్నపుగుట్ట స్టేజి కాడ ఆ పిలగాడు ఎక్కిండు,
రోజు ఎక్కుతడు, బడికి,
ఒక కాలు ముందేసి, ఇంకొకటి గుంజుకొని.
నాకు పాసు చూపెట్టిండు.
రోజు హర్యన్న అద్దంల చూడడు,
నేను రైటంటె బండి కదులుతది.
ఆనాడు రైటన్న. కదలలే.
మళ్ల అన్న.

అప్పుడు అద్దంల నుంచి, నన్ను గాదు, ఎనక్కి చూసుకుంట
"ఆ పిలగానికి సీటు దొరికిందా?" అన్నడు.

దొరకలే, నిలబడ్డడు అన్న.

దేవరకొండకు పదకొండు నిమిషాలు లేటు.
కంట్రోలరు రాసుకున్నడు.
రాసుకోనీ.