మూడో డబ్బా

మూడో డబ్బాలో కీచురాళ్లు
కూత మానేసి తొమ్మిది రోజులు.
ఒకదాన్ని కోసి చూశాను.
పేగులో తెల్లటి గింజలు,
ఒకదాని వెనక ఒకటి తగులుకుని
మర్రిపాలెం యార్డులో గూడ్సు పెట్టెల్లా.

పైడమ్మ కొంగుముడి విప్పి మాత్రలు తీసింది.
జిగట విరేచనాలకి కేజీహెచ్‌లో ఇచ్చినవి, మిగిలినవి.
"నోరంతా ఇనప సేదమ్మా. ఇయ్యి తింతాయా?"

తవుడులో నూరి, బెల్లంనీళ్లు చిలకరించాం.
ఎంత వేయాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.
పురుగు బరువుని మనిషి బరువుతో భాగిస్తే
కాగితం నిండా సున్నాలే.

పదకొండు చచ్చాయి.
మందుకో, రోగానికో.

ఈ మునిమాపు కరెంటు పోయింది.
కిటికీలోంచి చినవాల్తేరు ఉప్పుగాలి.
కోడిగుడ్ల అట్ట కింద ఎక్కడో
ఒక రెక్క
ఇంకో రెక్కని రాసుకుంటోంది.
అది కూతో, దురదో.
పైడమ్మ మాత్రం చీపురు ఆపింది.