ఏటవాలు ఎండ

కిల్‌బార్నాక్ అంటే చంపే చోటు కాదయ్యా, భయపడకు.
కిల్ అంటే మా పాత మాటలో చిన్న చర్చి.
ఆ చర్చి కూలి రెండొందల ఏళ్ళు.
పేరు మాత్రం ఇంకా నిలబడే ఉంది.

ఈ మాటలు నేను అందరికీ చెబుతాను.
ఆయనకీ చెప్పాను. నవ్వలేదు.
హోబార్ట్‌లో రైలింజను నడిపి రిటైరైన మనిషి, లోర్కన్ మల్క్వీన్.
చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక కాగితం,
కాగితం మీద ఒకే ఒక్క పేరు: హనోరా.
"మా తాతమ్మకి తల్లి" అన్నాడు,
పోస్టాఫీసు ఎటు అని అడిగినంత మామూలుగా.

నేను అట్రాక్టా గిల్‌హూలీని.
ముప్పై ఏళ్ళుగా ఈ బీరువా తాళం నా ఏప్రన్ జేబులోనే.
రిజిస్టరు తెరిస్తే తడిసిన కుక్క వాసన.
ఫాదర్ చేతిరాత చలికాలం వణుకుతుంది,
ఈస్టర్ విందు మర్నాడు పక్కకి ఒరుగుతుంది.
లాటిన్‌లో అందరూ దొరలే.
పందులు కాసే జిమ్ కూడా యాకోబుస్.
హనోరా మాత్రం పొయ్యి దగ్గరికొచ్చేసరికి
నోరా, ఓనీ, నానో,
ఎవరి నోటికి ఏది తిరిగితే అది.
ఇంటిపేరు సంగతి అడగొద్దు.
మల్క్వీన్, మల్కిన్, మక్వీన్, ఒకచోట మిల్కీన్.
చెప్పినవాడికి రాయడం రాదు,
రాసినవాడికి వినడం రాదు.

ఆమె పుట్టిన ఏడాదికి ఈ పుస్తకమే పుట్టలేదు.
నలభై ఆరులో మాత్రం ఒక మూల దొరికింది,
ఎవరి బిడ్డకో బాప్తిస్మం,
తండ్రి పేరుండాల్సిన చోట ఖాళీ,
సాక్షి: హనోరా.
అంతే.
ఆ ఏడు పేజీకి ఇరవై పేర్లు.
మరుసటేడు మొత్తం మీద మూడు.
ఆ తర్వాత తెల్లకాగితం.
జ్వరమొచ్చి ఫాదర్ పోయాడు.
ఆ సంగతి రాయడానికి ఫాదర్ లేడు.

సమాధుల దగ్గరికి నా బాత్రూమ్ అద్దం తువ్వాలులో చుట్టి తీసుకెళ్తాను.
కొందరు రాళ్ళకి పిండి రుద్దుతారు, సుద్ద రుద్దుతారు,
అలా చేస్తే రాయి పాడవుతుంది.
సూటిగా చూస్తే నాచు తప్ప ఏమీ కనబడదు.
ఎండని అద్దంలో పట్టి పక్కనుంచి వంచి కొట్టాలి,
అప్పుడు అక్షరాల గుంటల్లో నీడ నిండుతుంది.
ఎండ రావడానికి నలభై నిమిషాలు ఆగాం.
ఒక గొర్రె మాతోపాటు ఆగింది.

వచ్చింది.
రాయి పెట్టించిన టాయిగ్ మల్క్వీన్ పేరు బెత్తెడు ఎత్తు,
కింద పడుకున్న అమ్మానాన్నల పేర్లు వేలెడు.
మా ఊళ్ళో అంతే, డబ్బిచ్చినవాడిదే పెద్దక్షరం.
దాని కింద, అద్దం ఇంకాస్త వంచితే,
నాలుగు సన్నని గీతలు.
అక్షరాలు వంకర పోకుండా చెక్కేవాడు ముందు గీసుకునే గీతలు.
అక్షరాలు లేవు.

ఓడెక్కిన చెల్లెలి కోసం అన్న ఉంచిన చోటు
అని నేను చెప్పలేను.
డబ్బు చాలక పని ఆగిపోయి ఉండొచ్చు.
వాన పట్టుకుని ఉండొచ్చు, పట్టనిదెప్పుడు గనక.
ఆయన మోకాళ్ళ మీద కూర్చుని
ఆ గీతల మధ్య వేలు పోనిచ్చాడు,
ఒక చివరి నుంచి ఇంకో చివరికి,
మళ్ళీ మొదటి నుంచి.
నాకు చెయ్యి లాగింది, అద్దం దించలేదు.

"ఇప్పుడు చెక్కిస్తే ఎంతవుతుంది?"
కౌన్సిల్ అనుమతి కావాలి, రెండు నెలలు పడుతుంది,
ఫారంలో బంధుత్వం రుజువు చేసే కాగితం అడుగుతారు.
ఆయన తన కవరు వంక చూసుకున్నాడు.

తిరిగొచ్చి టీ పెట్టాను.
వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం ఆయన ముందు పెడితే
చేతులనిండా మట్టి, మీరే రాయండన్నాడు.
ఇంటిపేరు ఎలా రాయమంటారు, అడిగాను.

కాసేపు కిటికీ బయటికి చూసి,
"మీకెలా వినబడితే అలా" అన్నాడు.