మచ్చకాయ

ఉలవపాడు బళ్లో ఒకటే కంప్యూటరు.
వేలు పెడితే పలికే తెర, దాని చుట్టూ
ఒకటో తరగతి మొత్తం, పదమూడు తలకాయలు.

బుట్టలో కాయలెన్నో చెప్పమంది ఎలుగుబంటి.
పెంచల జాహ్నవి నాలుగు నొక్కింది.
కుయ్యిమంది పెట్టె. మళ్లీ చూడమంది.
మళ్లీ చూసింది. మళ్లీ నాలుగే.

ఒంగి, దాని వేలు పట్టుకుని లెక్కబెట్టించా:
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
అయిదో దాని ముందు వేలు మొండికేసింది.
"అది మచ్చకాయ మేడం. లెక్కలోకి రాదు.
మా అవ్వ పక్కన పారేస్తాది."

హైవే పక్కన టార్పాలిన్ కింద
తెల్లారకముందే కాయలేరే అవ్వ,
బంగినపల్లి తొడిమ వాసన చూసి
రేపు పండేదేదో, ఎల్లుండి పండేదేదో చెప్పే అవ్వ
ఈ ఆట తయారుచేసినోళ్లకి తెలియదు.

దగ్గరికెళ్లి చూశా. నిజమే, నల్లటి చుక్క.
ఏ ఈగో పెట్టిపోయింది తెర మీద.
కొంగు తడిపి తుడిచా.

చాలాసేపు చూసింది, అనుమానంగా.
తర్వాత అయిదు నొక్కింది.
ఎలుగుబంటి చప్పట్లు కొట్టింది, నక్షత్రాలు రాల్చింది.
అవేవీ పట్టించుకోకుండా పెంచలి
తెరకి మొహం ఆనించి అడగతా ఉండాది:
"డజనెంతకిస్తావ్?"