సజ్జలు కడిగిన నీళ్లు

జిందేర్‌లో మార్చి.
మూడు వారాలుగా ఎడారి గాలి తలుపు సందుల్లోంచి దూరి
నా నోట్‌బుక్ మీద కూర్చుంటోంది.
ముక్కులో నెత్తురు పొక్కులు, నాలిక మీద ఇసుక.

నా దగ్గరికి మనుషులు రారు.
గొట్టాలొస్తాయి.
చిటికెన వేలంత గాజు, దాని మీద ప్లాస్టరు ముక్క,
ప్లాస్టరు మీద పేరు: బరిరా, ఏడేళ్లు.

అవతలి గదిలో ఏం జరిగిందో చూడక్కర్లేదు.
గడ్డం రొమ్ముకి ఆనలేదు.
కాలు చాచబోతే కేక.
వెన్నులో సూది అనగానే అమ్మమ్మ అడ్డం పడింది,
నడుం పడిపోతుందని.
నర్సు లావాలి, ఆరడుగుల మనిషి,
సిమెంటు నేల మీద పక్కకి ఒరిగి
మోకాళ్లు గడ్డానికి లాక్కుని
చలికి ముడుచుకున్న కుక్కపిల్లలా పడుకుని చూపించాడు:
"ఇంతేనమ్మా. ఇదిగో, ఈ ఎముకల సందులో.
నరాల తాడు ఇంకా పైనే ఆగిపోతుంది."
ముసలామె నవ్విందట. అందరూ అదే చెప్తున్నారు, నవ్విందట.

గొట్టాన్ని కిటికీ వెలుగుకి ఎత్తాను.
వెన్ను నీరు తేటగా ఉంటే
వెనక పెట్టిన అక్షరాలు చదవొచ్చు.
చదవలేకపోయాను.
మా అమ్మ సజ్జలు కడిగి పారబోసే మొదటి నీళ్లు, అదే రంగు.

కరెంటు లేదు. మైక్రోస్కోపు అద్దాన్ని ఎండకి తిప్పాను.
రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, కన్ను ఆనించాను:
గులాబి చుక్కలు, జంటజంటలుగా,
బొబ్బర బద్దల్లా ఎదురెదురుగా,
కణాల పొట్టల్లో కాపురం పెట్టినవి.
సంకరావ్. మా హౌసాలో దాని పేరు అది. బిగుసుకుపోవడం.

చీటీ రాసుకుని పరిగెత్తాను.
అప్పటికే మందు ఎక్కుతోంది.
"జవాబొచ్చేదాకా ఆగితే
జవాబు వినే మనిషి ఉండదు" అంటుంది డాక్టరమ్మ.
నా చీటీ ఆ ఊరికి ఏ టీకా పంపాలో తేల్చడానికి.
ఇరవై ఏళ్లుగా తెలుసు. అయినా పరిగెడతాను.

ఎనిమిదో రోజు బరిరా నా గుమ్మంలో కూర్చుంది,
ఖర్జూరం చప్పరిస్తూ.
వెనక నుంచి పిలిచాను.
మళ్లీ పిలిచాను.
చేతిలో రేకు పళ్లెం వదిలేశాను.
ఖర్జూరం చప్పరిస్తూనే ఉంది.

రిజిస్టరులో రెండే గడులు: నయమైంది, చనిపోయింది.
పెన్ను చాలాసేపు పట్టుకున్నాను.

తర్వాత ఆ పిల్లని స్టూలెక్కించి
దాచిన స్లైడు పెట్టాను.
ఒక్క కన్ను మూయడం చేతకాక
అరచేత్తో కప్పుకుంది.
ఎండ కొంచెం జరిగింది, అద్దం సర్దాను.
తలెత్తి, నాకేసి
రెండు వేళ్లు చూపించింది.