రెండు వేళ్ళ దూరం

దానా మేజా మీద భూగోళం బొమ్మ ఉంది.
దానా అంటే వీళ్ళకు పెద్ద ముత్యం.
మా లక్కిరెడ్డిపల్లె దిక్కు బర్రెలకు పెట్టేది.
ఆ సంగతి ఆ పిల్లకు ఇంతవరకూ చెప్పలా.

దుమ్ము తుడిచేటప్పుడు
కువైట్ దగ్గర గుడ్డ ఒక్క రవ్వ ఆగుతుంది.
శనగగింజంత కూడా లేదు.
దీంట్లోనే నా మూడేళ్ళు,
నాలుగంతస్తులు, తొమ్మిది బాత్‌రూములు.

నిన్న, పిల్ల స్కూలు చొక్కాకు గుండీ కుట్టగా
మిగిలింది నీలం దారం.
కువైట్ మీద గోటితో అదిమిపట్టి
సలాలా దాకా లాగినా.
రెండు వేళ్ళ మందం.
ఆడ ఓబులేసు టిప్పర్ తోల్తాడు.

అదే దారం హైదరాబాదుకు లాగితే
బెత్తెడు.
ఆడి నుంచి మా ఊరికి మళ్ళా రాత్రంతా బస్సు. అది బొమ్మలో లేదు.

దానా టాబ్‌లో చూసి చెప్పింది:
పదిహేను వందల కిలోమీటర్లు,
మస్కట్‌లో విమానం మారాల,
ఊరికే కూర్చునే గంటలు కూడా కలిపితే ఏడు.
ఎవరుండారు ఆడ?
నా మొగుడు.
మరి పోవచ్చు కదా, పొద్దున పోతే రాత్రికి ఉంటావు!

ఉంటాను.
పాస్‌పోర్టు మీ నాయన బీరువాలో ఉంది తల్లీ,
ఆ దేశం వీసా యాడుందో నాకు తెలీదు.
మేమిద్దరం ఒకరినొకరు చూడాలంటే
నేను బెత్తెడు ఎగరాల,
ఆయన మూడు వేళ్ళూ చిల్లర ఎగరాల.
రెండు వేళ్ళ అవతల ఉండే మనిషి కోసం
ఆరు వేల కిలోమీటర్లు.

పోయినసారి అదీ కుదర్లా.
నేను తిరిగొచ్చిన పదకొండో దినం ఆయన ఇల్లు చేరినాడు.
నీ దువ్వెనలో వెంట్రుకలు అట్లనే ఉండాయి అన్నాడు ఫోన్లో.
తీసి పారెయ్ అన్నా.
పారేసినాడో లేదో అడగలా.

ఈడ పదయితే ఆడ పదకొండు.
ఎప్పుడు మాట్లాడినా నాకంటే గంట ముసలోడు.

జూలైలో మా గేటు గొళ్ళెం పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది.
ఆయనకేమో ఆడ తుంపర.
వీడియో పంపినాడు, ఒక నిమిషం నలభై సెకన్లు.
కొండ మీద పొగమంచు,
రోడ్డుకు అడ్డంగా ఒంటెలు, కదలవు,
అద్దం మీద వైపర్ అటూ ఇటూ.
ఒక్క మాట లేదు.
ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి
మూడుసార్లు చూసినా,
నాలుగోసారికి అబ్బా వాళ్ళ కందూరా అంచు కొంచెం ఎండెక్కువైన గోధుమరంగుకు తిరిగింది.
జీతంలో పట్టుకుంటారేమో అనుకున్నా, పట్టుకోలా.

ఫిబ్రవరి అడుగుతానన్నాడు.
నేనూ ఫిబ్రవరే అడిగినా.
మేడమ్ ఫోన్లోంచి తలెత్తకుండా
చూద్దాం అనింది.

ఆ ‘చూద్దాం’ ఎన్ని గంటల దారో
దానాను అడగలా.
దారం మాత్రం
సూది డబ్బాలో చుట్టి పెట్టినా.